తోడు గాజు

నేను గాజులు వేసుకోను. ఎడమ చేతికి వాచీ, కుడి చేయి బోసి. ల్యాబులో పని చేసుకునేటప్పుడు ఆ గలగలలెందుకని మొదట్లో తీసేశాను, తర్వాత అదే అలవాటైపోయింది. ఇందులో విశేషమేమీ లేదు, ఎవరి చేతులు వాళ్లిష్టం. కానీ గాజులంటే ఏమిటో మరిచిపోయిన మనిషి తానే ఒక గాజును కనిపెట్టి, నలభైమంది గర్భిణులకు తొడిగించి, వాళ్లలో ఒక అమ్మాయిని ఎనిమిది వారాలు ఆకలితో మాడ్చిందంటే మాత్రం ఆ సంగతి చెప్పుకోవాల్సిందే. ఆ ఘనురాలిని నేనే. పేరు మేదిని.

మాది పౌష్టికాహారం మీద పనిచేసే చిన్న పరిశోధనాశాల. గర్భిణుల కోసం గుడ్లు, పాలు, పప్పు, నూనె ఊరూరికీ వెళ్తున్నాయి. గడప దాకా వెళ్లిన లెక్క పక్కాగా ఉంటుంది. గడప దాటాక ఏమవుతుందో దేవుడికే తెలియాలి. ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనిషి గిన్నె అడుగున ఏం మిగిలితే అది తింటుంది. వెళ్లి "తిన్నావా అమ్మా?" అని అడిగితే "తిన్న" అంటుంది. తినని రోజు కూడా "తిన్న" అనే అంటుంది. మన రిజిస్టర్లన్నీ ఆ ఒక్క మాటతో నిండిపోయి ఉన్నాయి. ఆ మాటను నమ్మకుండా ఉండే యంత్రం ఒకటి చెయ్యాలని నా పట్టుదల.

అది పనిచేస్తుందని మొట్టమొదట ఒప్పుకున్నది మా డైరెక్టర్ రంగనాయకులు గారి పొట్ట.

ఆ రోజు నేను పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఆకుపచ్చ గాజు వేసుకుని కూర్చున్నాను. ఆయన మధ్యాహ్నం కడుపునిండా బిర్యానీ తిని, ఆవలిస్తూ వచ్చి, "ఏదీ నీ మహిమ, చూద్దాం" అంటూ ఎర్ర గాజును మణికట్టుకి ఎక్కించుకున్నారు. పది నిమిషాలకి ఆవలింతలు ఆగాయి. ఇరవై నిమిషాలకి నా బల్ల మీది అరటిపళ్ల వంక చూడటం మొదలుపెట్టారు. నాలుగు తిన్నారు.

"ఇదేంటమ్మా, ఎన్ని తిన్నా తగ్గదే?"

"అది మీ ఆకలి కాదు సార్, నాది. నేను తింటేనే తగ్గుతుంది."

ఆయన అయిదో పండు తొక్క ఒలిచి నా నోటికి అందించారు. ఇంకోటి కూడా తినమని బతిమాలారు. నేను తిన్న కాసేపటికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఇంకొకరి భోజనం గురించి పట్టించుకోవడం అదే మొదలు.

సంగతి అంతే. ఆకుపచ్చది తల్లి గాజు. చర్మం మీది చెమటలోంచి ఒంట్లోని ఆకలిని చదువుతుంది. ఎర్రది తోడు గాజు. మణికట్టు దగ్గరి నరాన్ని సన్నగా తట్టి, ఆ ఆకలినే వేసుకున్న వాళ్ల కడుపుకి చేరుస్తుంది. తల్లి గాజు గర్భిణికి, తోడు గాజు ఆ ఇంట్లో అన్నం వడ్డించే మనిషికి. ఇక నాలుగు నీతులు చెప్పే పని లేదు, తన కడుపే తనకు చెబుతుంది. నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కాగితం మీద తప్పు ఎందుకుంటుంది?

*

పాలమూరు వైపు గవ్వలపల్లి, చుట్టుపక్కల ఊళ్లు కలిపి నలభై ఇళ్లు ఎంచుకున్నాం. ఆ పని అంతా చక్కబెట్టింది గవ్వలపల్లి అంగన్‌వాడీ టీచర్ అండాలు. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే మూడు వీధులు వినాలి. గాజులు విడిగా పంచితే ఎవరూ పట్టించుకోరని, అంగన్‌వాడీల్లో సామూహిక శ్రీమంతం పెట్టించి, పసుపు కుంకుమలతో పాటు అక్కడే ఇప్పించింది. ఎంత తెలివైన ఆలోచనో అని నేను మురిసిపోయాను. ఫొటోలు చూసి మెచ్చుకున్నాను కూడా. ఊరికి మాత్రం వెళ్లలేదు.

తర్వాత వారం వారం అండాలు ఫోను చేసేది. అంతా బాగానే ఉందని చెప్పేది. ఒకసారి మాత్రం విసుక్కుంది.

"మేడం, మా సెంటర్ల బలపాలు నిలుస్తలేవు. పిల్లలు రాస్తున్నరో తింటున్నరో తెల్వది. వారానికో డబ్బా ఖాళీ అయితుంది."

"పిల్లలకి నులిపురుగుల మందు వేయించండి" అన్నాను, మహా వైద్యురాలిలా. పాపం, ఆ పిల్లలందరికీ అనవసరంగా మాత్రలు మింగించారు.

ఎనిమిది వారాలకి లెక్కలు వచ్చాయి. ముప్ఫై తొమ్మిది ఇళ్లలో తల్లులు చక్కగా బరువు పెరిగారు. అత్తలు, ఆడబిడ్డలు, నలుగురు మొగుళ్లు కూడా పళ్లేలు పట్టుకుని గర్భిణుల వెంట పడుతున్నారు. నలభయ్యో ఇల్లు గవ్వలపల్లిలోదే. పేరు నవనీత, తొలి చూలు, ఏడో నెల దాటింది. ఎనిమిది వారాల్లో అరకిలో కూడా పెరగలేదు. రక్తం ఇంకా తగ్గింది. స్కానింగులో బిడ్డ ఎదుగుదల మూడు వారాలు వెనకబడి ఉంది.

"తోడు గాజు పాడైందేమో" అన్నారు రంగనాయకులు గారు.

పాడవలేదు. రోజూ చర్మానికి ఆని ఉంది. రోజూ ఆకలి అందుకుంటోంది. మామూలు ఆకలి కూడా కాదు, మిగతా ఇళ్లకంటే ఎక్కువ. ఆ ఇంట్లో వడ్డించేది అత్త మొగులమ్మ అని కాగితంలో ఉంది.

"అంటే ఆ అమ్మాయి ఆకలి తన కడుపులో మండుతున్నా పెట్టట్లేదన్నమాట. ఆవిడ మనిషేనా?" అన్నాను.

"ఆ ఇంటిని పరీక్షలోంచి తీసేద్దాం. పిల్లని పుట్టింటికి పంపమని చెబుదాం" అన్నారాయన.

పుట్టింట్లో ఎవరూ లేరని కాగితంలో ఉంది. బిడ్డ కోలుకోవడానికి మిగిలింది ఏడెనిమిది వారాలు. అవి పోతే ఆ తల్లికీ బిడ్డకీ ఏం జరుగుతుందో నాకంటే బాగా తెలిసిన వాళ్లు లేరు, నా చదువంతా దాని మీదే. ఆ రాక్షసి మొహం చూసి నాలుగు దులిపి రావాలని మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

*

అంగన్‌వాడీ గోడకి ఆనుకునే వాళ్ల ఇల్లు. నేనూ అండాలూ వెళ్లేసరికి వాకిట్లో ఒక బక్కపలచటి ముసలామె చేటలో చింతచిగురు ఏరుతోంది. నన్ను చూడగానే లేచి, మంచం మీది దుప్పటి దులిపి, "కూసో బిడ్డా, ఎండల వడి వచ్చినవ్" అంది. రాక్షసి ఇలా ఉంటుందని నేననుకోలేదు. దులపాల్సిన నాలుగూ గొంతులోనే ఆగిపోయాయి.

లోపల్నుంచి నవనీత చెంబుతో నీళ్లు తెచ్చింది. కళ్ల కింద నల్లగా గుంటలు, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రెండు చేతులతో చెంబు అందించింది. కుడి చేతికి ఆకుపచ్చ గాజు. ఎడమ చేతికి ఎర్ర గాజు.

చెంబు పట్టుకోవడం మరిచిపోయి చూస్తుండిపోయాను.

"రెండూ నువ్వే వేసుకున్నావేంటమ్మా?"

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "రెండు చేతులున్నయ్ గద మేడం" అంది.

"ఒకటి నీకు, ఒకటి మీ అత్తకి కదా!"

"ఒంటి గాజు ఎట్ల ఏసుకుంటరు? కడుపుతోని ఉన్నప్పుడు చెయ్యి బోసిగ ఉండొద్దంటరు" అని, నా కుడి చేతి వంక చూసి, మర్యాదకి కళ్లు తిప్పేసుకుంది.

అండాలు నెత్తి కొట్టుకుంది. "నేను జెప్పిన గదనే అందరికి! తోడు గాజు ఏదంటే ఇంట్లనే ఉన్నది అన్నవ్ గదా!"

"ఇంట్లనే ఉన్నది గదా టీచర్" అంది నవనీత.

తర్వాత ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. మిగతా ఇళ్లలో ఆడవాళ్లు ఒంటి గాజును తమ మట్టి గాజుల మధ్య కలిపేసుకున్నారు, మగవాళ్లు కడియంలా తొడుక్కున్నారు. మొగులమ్మ మొగుడు పోయి పదిహేనేళ్లు. ఆమె చేతికి గాజులుండవు. శ్రీమంతం రోజు ఆమె అంగన్‌వాడీ లోపలికే రాలేదు, గోడ అవతల నిలబడి పాటలు వింది. పేరంటాళ్లు జత గాజులు చూశారు, పిల్ల రెండు చేతులూ చూశారు, తొడిగారు. నవనీత భర్త కేశవులు వరికోత మిషను మీద ఊళ్లు పట్టి తిరుగుతుంటాడు, అతనికీ తెలియదు.

ఆ అమ్మాయి ఆకలి ఎర్ర గాజులోంచి మళ్లీ ఆ అమ్మాయి కడుపులోకే వెళ్లింది. ఎనిమిది వారాలు. ఫోను తీసి లెక్కలు చూశాను. చర్మానికి ఆని ఉన్నట్టు తెలియడానికి ప్రతి గాజూ నాడిని కూడా రాస్తుంది; రెండు గాజులూ రాసిన నాడి ఒకటే, ఒక్క కొట్టుకోలు కూడా తేడా లేదు. అంత చదువూ చదివి ఇన్నాళ్లు ఆ వరస చూడని మొహం నాది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ముందు ఆ ఎర్ర గాజు తీసేశాను. నవనీత గట్టిగా ఊపిరి వదిలి గోడకి ఆనుకుంది. చెయ్యి బోసి అవుతుందని అండాలు గబగబా తన చేతి మట్టి గాజులు రెండు తీసి ఆ అమ్మాయికి తొడిగింది. ఆ ఆలోచన నాకు రాలేదు.

"ఎలా ఉండేదమ్మా ఇన్నాళ్లూ?"

"నాదొక ఆకలి, కడుపుల బిడ్డది ఒక ఆకలి అనుకున్న మేడం. తొలి చూలుకు గిట్లనే ఉంటదేమో అనుకున్న. మస్తు ఆకలయ్యేది. బలపాలు నమిలితే జర సల్లవడేది."

"నా బలపాలు!" అని అరిచింది అండాలు. అరిచి, వెంటనే ఆ అమ్మాయి తల నిమిరింది. "చెప్పొద్దానే పిచ్చిదానా!"

"చెప్తే అత్తమ్మ భయపడ్తది."

చేట పక్కన పెట్టి మొగులమ్మ అప్పటిదాకా వింటోంది. ఆ మాటకి మెల్లగా అడిగింది. "రోజు అడిగితి గదనే, తిన్నవా బిడ్డా అని. తిన్న అంటివి."

"నువ్వు పెట్టింది తిన్న గద అత్తమ్మా."

"ఏం పెట్టేవారమ్మా?" అన్నాను.

మొగులమ్మ దాచలేదు. అరముద్ద అన్నం. అంగన్‌వాడీ గుడ్డులో సగం. పాలలో సగానికి సగం నీళ్లు.

"నాకో బిడ్డ ఉండె, యాదమ్మ" అంది. "తొలి కాన్పుకు ఇంటికి దెచ్చుకున్న. బర్రె ఈనింది ఆ ఏడు. రోజు గింత నెయ్యేసి కలిపి పెట్టిన. మస్తు తినేది, నవ్వుకుంట తినేది. నొప్పులొచ్చినంక రెండు దినాలు కాన్పు గాలే. పిల్ల అడ్డం తిరిగింది. ఇద్దరు పోయిన్రు. మంత్రసాని అన్నది, తల్లి బాగ తిన్నది, పిల్ల బలిసి తొవ్వల ఇర్కింది అని. నేనే పెట్టిన గద. నా చేతులతోని నేనే పెట్టిన. గీ పిల్లను గూడ గట్ల పోగొట్టుకుంటనా?"

ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో వడ్డించింది పిసినారితనం కాదు, భయం. దాన్ని కనిపెట్టే యంత్రం నా దగ్గర లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడిచాను కూడా. ల్యాబులో మనుషులు ఏడవరనేమీ లేదు కానీ, అక్కడ ఇలాంటి సంగతులు ఎవరూ చెప్పరు.

"అమ్మా, బిడ్డ అడ్డం తిరగడానికీ తిండికీ సంబంధం లేదు" అన్నాను. "బక్కటి బిడ్డలూ అడ్డం తిరుగుతారు. అప్పుడు ఆపరేషన్ చేసేవాళ్లు దగ్గర్లో లేక యాదమ్మ పోయింది. మీరు పెట్టినందుకు కాదు."

"నా నెయ్యితోని కాదా?"

"కాదమ్మా."

"నా నెయ్యితోని కాదా?" మళ్లీ అడిగింది. అండాలు ఆమె పక్కన కూచుని చెయ్యి పట్టుకుని, "కాదు మొగులవ్వా, కాదు" అంది. మొగులమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

నవనీత స్కానింగు కాగితం తీసి చూపించాను. బిడ్డ తల ఇప్పటికి కిందికే ఉంది. జిల్లా దవాఖానాలో డాక్టరమ్మ ఉంది, అండాలు దగ్గరుండి తీసుకెళ్తుంది. బిడ్డ పెద్దదైతే చూసుకునేవాళ్లున్నారు. ఇలాగే చిన్నగా ఉండిపోతేనే ప్రమాదం. మొగులమ్మ అన్నీ విని తల ఊపింది. ఎర్ర గాజు చేతికివ్వబోతే మాత్రం పాము కనపడ్డట్టు వెనక్కి జరిగింది.

"ముండమోసిన చేతికి గాజేంది బిడ్డా! కడుపుతోని ఉన్న పిల్ల ముంగట! అది జేయ. పెట్టమన్నంత పెడ్త, దాని మొకం జూసి పెడ్త. గాజు మాత్రం నాకొద్దు."

నిజం చెప్పాలంటే నేను అప్పుడు మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాయో లేదో అండాలు నన్ను చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. గాజు కాకుండా ఇంకో రూపంలో చేయించాలంటే నెల పడుతుంది. అంత వ్యవధి లేదు. ఎంత పెడతానన్నా, ఇన్నేళ్ల భయం ఉన్న చెయ్యి అన్నం ముద్ద దగ్గరికొచ్చేసరికి వెనక్కి తగ్గుతుందని అక్కడున్న నలుగురికీ తెలుసు. మొగులమ్మకీ తెలుసు.

నవనీత నా చేతిలోంచి ఎర్ర గాజు తీసుకుంది. పొట్ట పట్టుకుని, కష్టపడి అత్త ఎదురుగా కింద కూచుంది.

"అత్తమ్మా, దీన్ని గాజు అనుకోకు. నీ మన్మడో మన్మరాలో నీ చెయ్యి పట్టుకున్నరనుకో. ఇడిపిచ్చుకుంటవా?"

మొగులమ్మ చెయ్యి ముందుకీ చాపలేదు, వెనక్కీ తీసుకోలేదు. కోడలే ఆ ఎముకల చేతిని పట్టుకుని గాజు ఎక్కించింది.

కాసేపటికి మొగులమ్మ మొహం మారింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. పొద్దున జొన్నరొట్టె తిన్న మనిషి.

"గిది నా ఆకలి గాదు" అంది. "నా ఆకలి నాకెర్కనే. కరువుల పదేండ్లు దానితోనే కాపురం జేసిన. గిది... గింత ఆకలి వెట్టుకుని తిన్న అంటున్నవానే? అమ్మో, నా బిడ్డా!"

లేచి వంటింట్లోకి ఉరికింది. చింతచిగురు చేట కాలికి తగిలి వాకిలంతా చిందింది. నవనీత మెల్లగా లేచి అత్త వెనకే వెళ్లింది, నేనూ అండాలూ ఏరుతూ కూచున్నాం. లోపల్నుంచి గిన్నెల చప్పుడు, నూనెలో గుడ్లు వేగుతున్న వాసన, "ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద" అన్న మాటలు వస్తూనే ఉన్నాయి.

*

ఆ తర్వాత లెక్కలు చూడటం నాకు సీరియల్ చూసినట్టయింది. పదకొండింటికి ఆకలి లేచేది, పదకొండూ పదికల్లా పడిపోయేది. ఒకరోజు అరగంట దాకా తగ్గలేదు. కంగారుపడుతుండగా ఫోను మోగింది.

"బిడ్డా, నేను మొగులమ్మని. చేన్ల వంకాయలు తెంపుతున్న. నీ గాజు ఒకటే పీక్తున్నది. వస్తున్న అని జెప్పు దానికి."

"నేను చెప్తే వినదమ్మా అది."

"గట్లనా, ఉరుకుతున్న మరి" అని పెట్టేసింది.

బలపాల డబ్బా మళ్లీ నెల రోజులు వచ్చింది. ఏడు వారాల్లో నవనీత నాలుగు కిలోలు పెరిగింది. జిల్లా దవాఖానాలో మామూలు కాన్పులోనే ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఏడువందల గ్రాములు. కేశవులు కోత మిషను పొలంలోనే వదిలేసి వచ్చాడట, ఆ రైతు వెనకే బండి మీద వచ్చి తిట్టబోయి, పిల్లని చూసి స్వీట్లు తిని పోయాడట. పిల్లకి యాదమ్మ పేరే పెట్టారు, బళ్లో రాయించడానికి మాత్రం యాద్విక అని.

పిల్లకి మూడో నెలలో గాజులు వెనక్కి తీసుకోవడానికి వెళ్లాను. మధ్యాహ్నం రెండవుతోంది. నా కుడి చేతికి రెండు మట్టి గాజులు చూసి అండాలు నవ్వింది. నాకు పళ్లెం నిండా పెట్టారు. నవనీత తిని, పిల్లకి పాలిస్తోంది. మొగులమ్మ విసనకర్ర పట్టుకుని మా మధ్య కూచుంది, ఎర్ర గాజు చేతికి అలాగే ఉంది.

"మీరు తిన్నారా అమ్మా?" అన్నాను.

"తిన్న" అంది మొగులమ్మ.

నవనీత చప్పున తల ఎత్తింది. అత్తని చూసింది, నన్ను చూసింది. పిల్లని నా ఒళ్లో పడుకోబెట్టి, తన చేతి ఆకుపచ్చ గాజు తీసింది.

"మేడం, ఇది కడుపుతోని ఉన్నోళ్లకే పనిజేస్తదా?"

నేను ఆలోచించాను. అది చెమటలోంచి ఆకలిని చదువుతుంది. ఎవరి కడుపని అడగడం దానికి నేను నేర్పలేదు.

"ఎవరికైనా పనిచేస్తుంది" అన్నాను.

"ఏందే, ఏం జేస్తున్నవ్? ఇడువు, ఇడువు" అని మొగులమ్మ గింజుకుంటుండగానే, నవనీత ఆమె చేతి ఎర్ర గాజు లాగి తనకేసుకుని, ఆకుపచ్చ గాజు ఆమెకి తొడిగింది. తర్వాత కళ్లు మూసుకుని కూచుంది. యాద్విక నా వేలు పట్టుకుని చప్పరిస్తోంది.

కాసేపటికి నవనీత కళ్లు తెరిచింది. కళ్లనిండా నీళ్లు.

"పొద్దుగాలటి సంది ఏం తినలే గదా నువ్వు" అంది.

మొగులమ్మ విసనకర్ర వైపు చూస్తూ కూచుంది. నవనీత లేచి లోపలికి పోయి పళ్లెం తెచ్చి అత్త ముందు పెట్టింది. అన్నం నిండా పెట్టింది. పప్పు పోసింది. గుడ్డు వేసింది, సగం కాదు, మొత్తం. అత్త చెయ్యి పట్టుకుని పళ్లెంలో పెట్టి, పైన నెయ్యి వేసింది.

"తిను అత్తమ్మా. నాకు ఆకలైతుంది."